నాలుగో పిన్ను

మూడే ఉన్నాయి, నాలుగు ఉండాలి. ఎదురుగోడ మీద ఆ పాత ఫొటో తగిలించి ఉండకపోతే, నన్ను తెచ్చి సరిగ్గా దాని ఎదుటి కుర్చీలోనే కూర్చోబెట్టి ఉండకపోతే, ఈ లెక్క నా బుర్రకు తట్టేదే కాదు. ఈ ప్రారంభోత్సవంలో అందరితో పాటు చప్పట్లు కొట్టి, టీ తాగి, ఇంటికి పోయి పడుకునేదాన్ని. ఫొటోలో ఉన్నవి ఈ గ్రంథాలయం పాత చెక్క మెట్లు. రెండేళ్ల కిందట ఊడదీస్తున్నప్పుడు ఎవరో తీశారు. మెట్ల పలకలన్నీ పోయి, వాటిని మోసిన లావుపాటి దూలం ఒక్కటే ఏటవాలుగా నిలబడి ఉంది. మెట్ల చివరలు దూరి కూర్చున్న బెజ్జాలు ఆ దూలంలో వరసగా, పళ్లూడిన నోరులా తెరుచుకుని ఉన్నాయి. ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి అడుగు మీద ఒక అంగుళం. కింద నిలబడ్డ కూలీ చేతిలోని టేపును బట్టి నా కన్ను దానంతటదే కొలిచేసింది, ఏ చెక్కను చూసినా అది చేసే పని అదే. అడుగు మీద ఒక అంగుళం చొప్పున అయిదడుగుల దూలాన్ని ఎటునుంచి కోసినా నాలుగు బెజ్జాలైనా పడాల్సిందే. ఆ అయిదడుగుల ముక్కే ఇప్పుడు నాకు పదడుగుల ముందు, పన్నెండడుగుల ఎత్తున, గుండ్రటి నీలం తివాచీకి నడినెత్తిన, రెక్కలు చాచిన కొంగై వేలాడుతోంది. రెక్కలతో, మెడతో కలిపి అరవై రెండు కిలోలు. దాని వీపు మీద నేను చూసిన పిన్నులు మూడు. పదకొండింటికి ఆ పక్క తలుపు తీస్తారు, నలభై మంది పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ తివాచీ మీద కూర్చుంటారు. ఇప్పుడు పదీ ముప్పై ఆరు.

తొందరపడకూడదు. మొదటినుంచీ ఆలోచించాలి. పాత చెక్కకు మా షెడ్డులో ఒక్కటే నియమం, అది అన్నయ్య పెట్టింది. పాత చెక్క పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు లాంటిదని వాడంటాడు, వెనకటి సంగతులన్నీ దాచేసి నున్నగా నవ్వుతుందట. మేకులు పీకినచోట, బెజ్జాలు పడ్డచోట, పురుగు తిన్నచోట వాడు రంపపు పొట్టు, జిగురు కలిపి ముద్ద చేసి కూరతాడు. ఆరాక చిత్రిక పడతాడు, ఉప్పు కాగితంతో రుద్దుతాడు, ఆ పైన సన్నటి కుంచెతో చెక్క గీతలు గీస్తాడు. అంతే, దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు. వాడు నింపిన చోట నేను వేలు పెట్టి వెతికి ఓడిపోయిన సందర్భాలు లెక్కలేదు, వేలితో కొట్టి చూసినా గట్టి చెక్కలాగే పలుకుతుంది. కానీ అది చూడ్డానికే చెక్క, మోయడానికి కాదు. ఎండిన మట్టిగడ్డ మేకును ఎంత పట్టుకుంటుందో అది అంతే పట్టుకుంటుంది. అందుకని నింపిన ప్రతిచోటా నడిమధ్యన ఒక ఇత్తడి పిన్ను కొడతాడు, ఆవగింజంత తల. పిన్ను ఉందంటే ఇక్కడ బరువు వేయకు అని. లేదంటే గట్టి చెక్క, నీ ఇష్టం. ఇరవై ఆరేళ్లుగా మా ఇద్దరి మధ్యా మాటామాటా లేకుండా నడుస్తున్న ఒప్పందం ఇదొక్కటే, మిగతా అన్నిటికీ కీచులాడుకుంటాం. చెక్కను సిద్ధం చేసేది వాడు, చెక్కేది నేను. దూలం నా చేతికొచ్చేసరికి పసిపిల్ల చెంపలా ఉంది. తోక మొదట్లో ఒక పిన్ను, అక్కడికి జానెడున్నర దూరంలో నడుం మీద ఇంకోటి, ఇంకో జానెడున్నర ముందుకు రెక్కల కింద మూడోది. భుజాల దగ్గర ఏమీ లేదు. ఏమీ లేదు కాబట్టే అక్కడ డ్రిల్లు పెట్టాను, అక్కడే అసలు కొక్కెం బిగించాను. మూడో పిన్ను నుంచి కొక్కెం దాకా ఎంత? జానెడున్నర. అవును, జానెడున్నరే.

కాదు, ఆగు. నాలుగోది ఇటువైపే ఉండాలని ఏముంది, అటువైపు ఉండొచ్చు కదా. మొదటి పిన్ను నుంచి వెనక్కి జానెడున్నర అంటే తోక కొస. అక్కడ నేను చెక్కను మూడొంతులు తీసేశాను, కత్తి అంచులా పల్చబడే దాకా. అక్కడ బెజ్జం ఉండి ఉంటే పిన్నుతో సహా నా ఉలికింద పొట్టయి పోయి ఉంటుంది. పోయి ఉండాలి. తోక చెక్కిన రోజు గుర్తు తెచ్చుకో. వాన రోజు. రేకుల మీద వాన ఎంత గట్టిగా కొడుతోందంటే అన్నయ్య రేడియో కట్టేశాడు. వాడికి ఎడమ చెవి ఎప్పుడో రంపపు మిషనుకు అర్పణమైపోయింది, కుడిచెవి సగం. "నాకే వినబడుతోందంటే అది వాన కాదే, వరద," అన్నాడు. నేను తోక ఈకలు తీస్తున్నాను. చెక్క పొడవాటి చుట్టలుగా లేస్తోంది, ఒక చుట్ట తెగకుండా మోచేతి పొడవు వచ్చింది. దాన్ని వాడి చెవికి తగిలిస్తే వాడు పూట పూటంతా దానితోనే తిరిగాడు, చెక్క కొనడానికొచ్చిన మనిషితో బేరం కూడా అలాగే చేశాడు. ఆ మనిషి నవ్వాలో వద్దో తెలియక తలుపు వైపు చూసి మాట్లాడాడు. చుట్టలు. చుట్టలంటే చెక్క. నింపిన ముద్ద అయితే చుట్ట లేవదు, పిండిలా రాలుతుంది. తోకలో ఎక్కడైనా పిండి రాలిందా? రాలితే ఉలి ఆగి ఉండేది, నేను తిట్టుకుని ఉండేదాన్ని. తిట్టుకున్న గుర్తు లేదు. కానీ నా గుర్తుకు విలువెంత, నిన్న రాత్రి ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

పదీ నలభై రెండు. కమిటీ పెద్దాయన లేచి మైకు పట్టుకున్నాడు. పుస్తకం హస్తభూషణం అని మొదలుపెట్టాడంటే ఇంకో పావుగంట ఖాయం. మంచిదే, ఆయన ఎంతసేపు మాట్లాడితే తలుపు అంతసేపు మూసి ఉంటుంది. తలుపవతల పిల్లల గోల వినిపిస్తోంది. ఎవరో టీచరు ష్ ష్ అంటోంది, ఆ ష్ కంటే గోలే నయం. ఇంతలో వెనకవైపు ఎవరో కిటికీ తెరిచినట్టున్నారు, కొంగ కదిలింది. కొద్దిగానే, కుడి రెక్క చివర రెండంగుళాలు దిగి మళ్లీ పైకి లేచింది. పక్క వరసలో ఒకామె, "అబ్బ, నిజంగా ఎగురుతున్నట్టే ఉంది," అంది. ఎగురుతున్నట్టు ఉండాలనే రెండు తీగలతో వేలాడదీశాం, తోక దగ్గర చిన్నది, భుజాల దగ్గర పెద్దది. గాలికి బతికినట్టు కదలాలి అన్నాను నేనే, ఎంత మురిసిపోతూ అన్నానో. కదిలిన ప్రతిసారీ కొక్కెం మర తన చుట్టూ ఉన్నదాన్ని కొరుకుతుంది. గట్టి చెక్కయితే కొరుకుడు పడదు. ముద్దయితే రోజుకింత పిండి అవుతుంది. మూడు రోజులుగా వేలాడుతోంది కదా, పడాలంటే ఈపాటికి పడేది కదా? కానీ ఈ మూడు రోజులూ హాలు మూసి ఉంది, కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాన్లు లేవు. ఇవాళే అన్నీ తెరిచారు.

లేచి చెప్పేయి. లేచి నిలబడి, అయ్యా ఆపండి, పిల్లల్ని రానివ్వకండి, అనేయి. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ పనిలో ఉన్నవాళ్లంతా నన్ను వెనకాల ఏమంటారో కూడా తెలుసు. అనుమానం అక్క. పోయినేడు ఒక పెద్ద హోటలు గుమ్మం మీద చెక్కిన తోరణం పగులు ఇచ్చిందని అరిచి గోల చేసి, పరంజా వేయించి, ఎనిమిది మంది చేత కిందికి దింపించాను. పగులు కాదు, చెక్కలో నల్లటి చార. తడి గుడ్డతో తుడిస్తే తేలిపోయింది. ఆ ఎనిమిది మందిలో ఒకడు ఇప్పటికీ నేను కనబడితే గోడనో కుర్చీనో తుడిచి, "అక్కా, ఇది చారే కదా?" అంటాడు. ఈ కొంగ వేలాడదీసిన రోజు పైకప్పు కొక్కెం గురించి లైబ్రేరియన్ మేడమ్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఆవిడ, "మీ సంగతి విన్నానండీ, ఇంట్లో గ్యాస్ కట్టేసి వచ్చారో లేదో చూసుకున్నారా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. పైకప్పు బాగానే ఉంది, నేను అనుమానించాల్సిన చోట తప్ప అన్నిచోట్లా అనుమానించాను. ఇప్పుడు లేచి మళ్లీ అరిచి, దింపి చూస్తే అంతా గట్టిగా ఉంటే? పని చెప్పేవాళ్లు ఇక మా గుమ్మం తొక్కరు. సరే, అది నాకు. నిజంగానే బోలుగా ఉంటే? అది అన్నయ్యకు. నింపినవాడు గుర్తు పెట్టలేదు అన్న మాట ఒక్కసారి బయటికి వస్తే ఇరవై ఆరేళ్లలో వాడు నింపిన ప్రతి తలుపూ ప్రతి మంచమూ జనం గుచ్చి చూసుకుంటారు.

అన్నయ్య నా పక్కనే ఉన్నాడు, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, దువ్విన జుట్టుతో, వాడి పెళ్లిలో కూడా ఇంత బుద్ధిగా కూర్చోలేదు. అడిగేస్తే అయిపోయె. పిన్నులెన్ని కొట్టావురా అన్నయ్యా, అని ఒక్క ముక్క. కానీ వాడికి రహస్యం చెప్పడమంటే ఊళ్లో చాటింపు వేయించడమే. నేను గుసగుసగా అడిగితే వినబడదు, వినబడేలా అడిగితే మైకు అక్కర్లేదు, వాడి జవాబుకు అసలే అక్కర్లేదు. అది ఒక సాకు. నిజం చెప్పాలంటే అడగడానికి భయంగా ఉంది. వాడి చొక్కా చేతుల బొత్తాలు పెట్టుకోలేదు. ఇస్త్రీ చొక్కా, మెడ బొత్తాం దాకా అన్నీ వదిన పెట్టి ఉంటుంది, మణికట్టు బొత్తాలు మాత్రం తర్వాత పెట్టుకుంటాలే అని ఉంటాడు. షెడ్డులో ఈమధ్య టీ సగం గ్లాసే పోయమంటున్నాడు, షుగరు వస్తుందేమోనని భయమట. సగం గ్లాసు టీకి రాని షుగరు నిండు గ్లాసుకు వస్తుందా అని నేను వేళాకోళం చేశాను. సగం గ్లాసు తొణకదు. కొలతలు వాడు చెప్పి నన్ను రాసుకోమంటున్నాడు, కళ్లజోడు మార్చాలట. ఎన్ని నెలలైంది? చిన్న మేకులు కొట్టేటప్పుడు నాకు వీపు తిప్పి కూర్చుంటున్నాడు. ఇవన్నీ నేను చూశాను. విడివిడిగా చూసి, విడివిడిగా పక్కన పెట్టాను, ఒకచోట కలిపి చూడలేదు. కలిపితే ఏమవుతుందో లోపలెక్కడో తెలిసే కలపలేదేమో.

పదీ నలభై తొమ్మిది. పెద్దాయన హస్తభూషణం దగ్గరికి మూడోసారి వచ్చాడు. ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా నీడ తివాచీ మీద పడుతోంది, కొంగ నీడ కూడా, రెండూ కలిసి విడిపోతున్నాయి. మళ్లీ ఫొటో చూడు. మనుషుల్ని వదిలెయ్, దూలాన్ని చూడు. కింది కొస నేలను తాకేచోట నల్లగా ఉంది, ఏళ్ల తరబడి నేల తుడిచిన నీళ్లు పీల్చి పీల్చి నల్లబడింది. ఆ నలుపు నాకు తెలుసు. ఆ నలుపును నేను ముట్టుకున్నాను, వాసన చూశాను, బూజు పట్టిన పుస్తకం వాసన. ఎక్కడ? తోక. తోక చివర నాలుగు ఈకలూ ఆ నల్లటి కొస నుంచే వచ్చాయి. రంగు వేయకుండానే నల్లటి ఈకలు దొరికాయని, చూడు చెక్కే రంగిచ్చిందని, అన్నయ్యను పిలిచి చూపించాను. అంటే తోక వైపు దూలం అడుగుభాగం. ఫొటోలో ఆ నల్ల కొస నుంచి మొదటి బెజ్జం దాకా ఎంత ఖాళీ ఉంది? అడుగు పైనే. మొదటి మెట్టుకు కింద ఇంకో మెట్టు ఉండదు, నేలే ఉంటుంది. తోకలో బెజ్జం లేదు, ఎప్పుడూ లేదు. కాబట్టి నాలుగోది తోకలో పోలేదు. కాబట్టి నాలుగోది భుజాల దగ్గర ఉంది, కొక్కెం చుట్టూ ఉంది, అరవై రెండు కిలోల్లో చాలావరకు దాని మీదే ఉంది.

డ్రిల్లు పెట్టిన రోజు, అది కూడా వస్తోంది ఇప్పుడు. పిలవకపోయినా వస్తోంది. మధ్యాహ్నం, ఎండ, ఈ గ్రంథాలయం పనులు చూసే ఇంజినీరు ఫోనులో ఉన్నాడు. నేను ముందు చెప్పింది వేరు. వీపు నుంచి కడుపు దాకా నిలువునా బోల్టు వేసి కింద పెద్ద బిళ్లతో నట్టు బిగిద్దాం అన్నాను. ఆ ఇంజినీరు, "కడుపు కింద నట్టు కనబడితే ఏం బాగుంటుందండీ? పిల్లలు పైకి చూస్తే కనబడేది కడుపే కదా," అన్నాడు. నిజమే అనిపించింది. అందం అనే మాట వినబడితే నేను కరిగిపోతాను, అదే నా జబ్బు. సరేనని పైనుంచి పొడవాటి మర కొక్కెమే వేశాను. డ్రిల్లు సుతారంగా దిగింది, మరీ సుతారంగా. పక్కన రాలినదాన్ని చెయ్యి పెట్టి తుడిచాను. మెత్తగా, పిండిలా, పౌడరులా అరచేతికి అంటుకుంది. చుట్టలు లేవు. బిట్టు మొండిబడిందేమో అనుకున్నాను, కొత్త బిట్టు తేవాలని కాగితం మీద రాసుకున్నాను కూడా. కొత్త బిట్టు తెచ్చాను. పాతదాన్ని చూస్తే పదునుగానే ఉంది. ఎందుకో పదునుగా ఉందే అనుకుని డబ్బాలో వేశాను. ఇరవై ఆరేళ్ల పనిమంతురాలిని, అరచేతిలో నిజాన్ని పట్టుకుని చీరకు తుడుచుకున్నాను. ఎందుకంటే పిన్ను లేదు. పిన్ను లేనిచోట నా చెయ్యి చెప్పినా నేను నమ్మను.

పదీ యాభై మూడు. ఆహ్వానపత్రం ఒళ్లో ఉంది. బ్యాగులోంచి పెన్ను తీసి దాని వెనక రాశాను. భుజాల దగ్గర నాలుగో బెజ్జం నింపావా? పిన్ను కొట్టావా? అన్నయ్య మోకాలి మీద పెట్టాను. వాడు పెద్దాయన వైపే చూస్తూ తలూపుతున్నాడు, ఒక్క ముక్కా వినబడకపోయినా మర్యాదకు. మోచేత్తో పొడిచాను. చూశాడు. చదివాడు. మళ్లీ చదివాడు. వాడి ముఖంలో ఏదీ మారలేదు, అది చూసి మరీ భయం వేసింది. పెన్ను ఇమ్మని చెయ్యి చాపాడు, ఇచ్చాను, పత్రాన్ని తొడ మీద ఆనించుకుని రాయడం మొదలుపెట్టాడు. పెన్ను కాగితానికి తాకింది, అక్కడే కొట్టుకుంది. నీళ్లలో పడ్డ చీమ ఈదినట్టు ఒక గీత వంకర్లు తిరిగింది, ఆగింది, ఇంకో గీత. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అయినా అక్షరం కాలేదు. నేను వాడి చేతినే చూస్తున్నాను, వాడు నన్ను చూడలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చెక్క మీద చెక్క గీతలు గీసిన చెయ్యి. నేను పెన్ను తీసుకోబోయాను, ఇవ్వలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టబోయి, అది కూడా కుదరక, నా ఒళ్లో పెట్టేసి నోటితోనే చెప్పాడు. తన లెక్కలో మెల్లగానే చెప్పాడు.

"నింపాను. పిన్ను కొట్టలేదు."

పెద్దాయన ఆగిపోయాడు. రెండు వరసలు వెనక్కి తిరిగి చూశాయి. ఎవరో చిన్నగా నవ్వారు.

"మూడు కొట్టానే. నాలుగోది చేతిలోంచి జారింది. ఇంకోటి తీశా, అదీ జారింది. నేల మీద పాకి పాకి వెతికా. నువ్వొచ్చే టైమైంది, తర్వాత కొడదాంలే అనుకున్నా." నా ఒళ్లోని పెన్నును చూశాడు. "ఆ తర్వాత ఇంకేదానికీ కొట్టలేదు."

అప్పుడు నేను లేచానో, ముందే లేచి ఉన్నానో తెలియదు. కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు మాత్రం గుర్తుంది. తివాచీని దాటి వెళ్తే దగ్గర, చుట్టూ తిరిగితే దూరం. కొంగ కిందినుంచి వెళ్లలేక చుట్టూ తిరిగాను. అది గమనించుకున్నాక ఇక నాలో అనుమానమనేది మిగల్లేదు. నా కాళ్లు అప్పటికే తీర్పు చెప్పేశాయి. తలుపు దగ్గర లైబ్రేరియన్ మేడమ్ గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది, గోల భరించలేక రెండు నిమిషాలు ముందే తీద్దామనుకుంటోంది. నేను వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. వెనకనుంచి చిన్న చిన్న చేతులు తలుపును తోస్తున్నాయి, నా వెన్నుపూసకు తెలుస్తోంది.

"ఏమైందండీ మళ్లీ?" అంది ఆవిడ. ఆ మళ్లీ అన్న మాటను నేను మింగేశాను.

"పిల్లల్ని రానివ్వద్దు. కొంగను దించాలి."

ఇంజినీరు అప్పటికే వచ్చేశాడు, నవ్వుముఖంతోనే. "మూడు రోజులుగా వేలాడుతోంది కదండీ, ఏం కాలేదుగా. ఫంక్షను కానివ్వండి. సాయంత్రం నేనే దగ్గరుండి చూపిస్తాను. ఇది కూడా చారే అయి ఉంటుంది."

వీడికి కూడా తెలుసన్నమాట. చెప్పడానికి నా దగ్గర ఉన్నవి ఒక ఫొటో, ఒక నల్ల తోక, ఎప్పుడో తుడుచుకున్న పిండి. వాటిని ఏ వరసలో చెబితే మనిషి నమ్ముతాడు? అంతలో అన్నయ్య లేచాడు. మెల్లగా, చొక్కా సర్దుకుని, మైకు దాకా నడిచి వెళ్లాడు. పెద్దాయన పక్కకు జరిగాడు. అన్నయ్యకు మైకు అక్కర్లేదు, అయినా దాని ముందే నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు, హాలంతటికీ కనబడేలా. చేతులు కొట్టుకుంటున్నాయి.

"ఇవి ఇలాగే ఉన్నాయండీ రెండు నెలలుగా. ఇంట్లో చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు. కొక్కెం వేసిన చోట చెక్క లేదు, నేను కూరిన పొట్టు ఉంది. తప్పు చెల్లెలిది కాదు, నాది. ముందు దించండి, తర్వాత తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. ఇంజినీరు నవ్వు ఎటు పోయిందో, అతనే వెళ్లి గోడకున్న చక్రం పట్టుకున్నాడు. దుమ్ము తుడవడానికి దించుకోవచ్చని ఆ చక్రం పెట్టించింది అతనే, నేను చచ్చేదాకా అతనికి రుణపడి ఉంటాను. "మెల్లగా," అన్నాను. "కుదుపు వద్దు." పన్నెండడుగులు. పళ్లచక్రం ఒక్కో పన్నూ టక్కుటక్కుమంటూ తిరుగుతోంది. ప్రతి టక్కుకూ రెక్కలు వణుకుతున్నాయి. నేను తలుపుకే అంటుకుని ఉన్నాను, కళ్లు కొక్కెం మీద. కొంగ దిగుతున్న కొద్దీ పెద్దదవుతోంది, నేను చేసినదేనా ఇంత పెద్దది అనిపించేంత. పదడుగులు. ఎనిమిది. దాని ముక్కు నావైపే తిరిగింది. ఆరు. నాలుగు. కాళ్లు తివాచీని తాకాయి, తర్వాత పొట్ట, తర్వాత ఒక రెక్క. తీగ వదులైంది. హాల్లో ఊపిరి తీసుకున్న చప్పుడు ఒక్కసారిగా వినబడింది.

వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ కొక్కేన్ని నేను పొడవాటి రెంచీతో, బరువంతా వేసి, చివరి అరచుట్టుకు అన్నయ్య భుజం సాయం కూడా తీసుకుని బిగించాను. ఇప్పుడు చూపుడువేలు ఆ కొక్కెం రంధ్రంలో దూర్చి తిప్పాను. తిరిగింది. చిన్నపిల్లలు షార్ప్‌నర్లో పెన్సిలు తిప్పినంత తేలిగ్గా తిరిగింది. ఇంజినీరు పక్కన వంగి చూస్తున్నాడు. అతను కూడా తన వేలు పెట్టి తిప్పి చూసి, లేచి, వెళ్లి తలుపు గడియ ఇంకోసారి బిగించి వచ్చాడు.

అయిపోయింది అనుకోవాలి. అన్నయ్య వచ్చి తివాచీ అంచున కూలబడ్డాడు. వాడి వైపు చూడకుండా కొంగ వీపు నిమురుతూ కూర్చున్నాను, చూస్తే ఏడుస్తానో కొడతానో తెలియక. ఆ నిమరడంలోనే వాడన్న మాట మళ్లీ వినబడింది. ఆ తర్వాత ఇంకేదానికీ కొట్టలేదు. ఇంకేదానికీ. రెండు నెలలు. రెండు నెలల్లో ఈ కొంగ ఒక్కటే చేశామా?

వాడి కుడిచెవికి నోరు ఆనించాను. "ఇంకేమేం నింపావు ఈ రెండు నెలల్లో?"

వేళ్లు మడవడం మొదలుపెట్టాడు, మడిచిన వేలు నిలవడం లేదు. "అద్దం చట్రం. అది పడితే అద్దమే పోతుంది. డాక్టరు గారి బీరువా తలుపులు. అవి నిలబడే ఉంటాయి. ఆ తర్వాత..." వాడి కళ్లు నన్ను దాటి ఎక్కడో చూశాయి. "నర్సు గారి వరండా ఉయ్యాల. పాత తలుపు చెక్కతో చేశామే. బల్ల నాలుగు మూలలా బెజ్జాలు నింపాను. గొలుసు కొక్కేలు నువ్వే..."

నేనే బిగించాను. పిన్నులు లేవు కదా అని నేనే బిగించాను.

ఫోన్ తీశాను. నంబరు దొరికే దాకా నా వేలు రెండుసార్లు తప్పు పేరు మీద పడింది. మోగుతోంది. అయిదు, ఆరు, ఏడు. నర్సు గారు డ్యూటీలో ఉంటే ఎలా, ఇంట్లో ఎవరుంటారు. ఎనిమిది. ఎత్తారు. ముందు ఒక శబ్దం వినబడింది, కిర్రు, ఆగి మళ్లీ కిర్రు. ఇనుప గొలుసు.

"హలో, అమ్మ స్నానం చేస్తోంది. మీరెవరు?" ఆరేళ్ల గొంతు, మహా అయితే ఏడు.

"నేను మీ ఉయ్యాల చేసిన ఆంటీని."

"ఓ. మీ ఉయ్యాల బాగుంది ఆంటీ. నేను దాని మీదే ఉన్నా. కాళ్లు కొడితే గోడ అందుతోంది."

కిర్రు. అరవకూడదు. అరిస్తే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే దూకుతుంది, దూకితే బరువంతా ఒక మూలకే పడుతుంది. గొంతును ఎక్కడినుంచో వెతికి తెచ్చుకున్నాను.

"అవునా తల్లీ. ఒక చిన్న ఆట ఆడదామా? కాళ్లు కొట్టకుండా కూర్చో. దానంతటదే ఆగాలి. ఆగాక నాకు చెప్పు."

కిర్రు. కిర్రు. ఎంతసేపు. అన్నయ్య నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు, ఆ వణుకు ఎవరిదో ఇద్దరికీ తెలియడం లేదు. కిర్రు. చిన్న కిర్రు. చివరికి ఏమీ లేదు.

"ఆగింది."

"శభాష్. ఇప్పుడు ఒక కాలు నేల మీద పెట్టు. మెల్లగా."

"పెట్టా. చల్లగా ఉంది."

"రెండోది."

"పెట్టా."

"ఇప్పుడు లేచి నిలబడు. గొలుసు పట్టుకోకుండా. నిలబడ్డావా? ఇక వెనక్కి చూడకుండా గుమ్మం వైపు అడుగులు లెక్కపెట్టు, నాకు వినబడేలా."

"ఒకటి... రెండు... మూడు..." చెప్పులు లేని పాదాల చప్పుడు, నేల మీద. "ఏడు. ఎనిమిది. తొమ్మిది. గుమ్మం వచ్చేసింది ఆంటీ. చాలా?"

"ఇంకొకటి వెయ్యి తల్లీ," అన్నాను. "గుమ్మం దాటి లోపలికి. ఇంకొక్కటి."